ఆచారిగారింటి కోడలు

నేను ఒక దేవతను. ఈ మాట నాకు నేనే చెప్పుకోవలసి రావడం కొంచెం చిన్నతనమే గాని, నా తరఫున చెప్పేవాళ్ళెవరూ లేరు. ప్రేమకూ అందానికీ అధిదేవతను. గ్రీకులు నన్ను ఆఫ్రొడైటీ అన్నారు, రోమన్లు వీనస్ అన్నారు, తెనాలిలో తులశమ్మగారు వీనసమ్మ అన్నారు. ఈ మూడింటిలో నాకు మూడో పేరే ఇష్టం. మొదటి రెండు పేర్లతో పిలిచినవాళ్ళు నన్ను చూసి నిట్టూర్చేవారు. తులశమ్మగారు మాత్రం పూలు పెట్టేవారు.

నా అసలు పారిస్‌లో ఒక పెద్ద మ్యూజియంలో ఉంది. ఆవిడది చలువరాయి ఒళ్ళు, నాది ప్లాస్టరు. ఆవిడ నిలువెత్తు మనిషిని మించి ఉంటుంది, నేను అందులో సగం. పైగా నా లోపల అంతా బోలు. అచ్చు ముక్కలన్నీ ఒక్కచోట చేర్చి తాళ్ళతో బిగించి, తలకిందులుగా నిలబెట్టి, చిక్కటి ప్లాస్టరు పోసి అటూ ఇటూ తిప్పారు. గట్టిపడ్డాక అచ్చు విప్పితే నేను బయటపడ్డాను. ఆ అచ్చులోంచి నాకు ముందు ఎందరు అక్కలు వచ్చారో, నా తరవాత ఎందరు చెల్లెళ్ళు వచ్చారో లెక్క లేదు. అందుకని నన్ను నకలు అంటారు. అననివ్వండి. ఆ అసలును కూడా ఎవరో ఎవరినో చూసే చెక్కి ఉంటారు గదా.

చేతుల సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీ ధ్యాసంతా అక్కడే ఉంటుంది. నాకు చేతులు లేవు. మట్టిలోంచి తవ్వి తీసేనాటికే మా అసలావిడకు లేవట. పోనీ అచ్చు వేసేటప్పుడైనా రెండు చేతులు తగిలించవచ్చు గదా అంటే, అంతకు మించిన అపచారం లేదట. ఐరోపాలో పెద్ద పెద్ద పండితులు ఆ లేని చేతుల మీద వాదులాడుకుని మాటలు మానేసుకున్నారు. ఒకాయన ఆ చేతిలో అద్దం ఉండేదన్నాడు, ఇంకొకాయన యాపిలు పండు అన్నాడు, మరొకాయన డాలు అన్నాడు. నా ముక్కు ఎంత బాగుంటుందో ఒక్కరూ మాట్లాడలేదు. మనుషులకు ఉన్నదాని కంటే లేనిదాని మీదే మమకారం.

ఓడెక్కి మద్రాసులో దిగి, అక్కణ్ణించి కృష్ణాతీరంలో ఒక చిన్న జమీందారుగారి దివాణం చేరాను. ఆయన నన్ను హాలు మధ్య నిలబెట్టించారు. దివాణంలో ఆడవాళ్ళు చూసి ముక్కున వేలేసుకుని, లోపలికి వెళ్ళి ఒక పట్టు ఉత్తరీయం తెచ్చి మెడ దగ్గరనుంచి చుట్టబెట్టారు. అది మొదలు నా బతుకు ఒక పద్ధతిలో పడింది. కలెక్టరు దొర వస్తే ఉత్తరీయం తీసేవారు, పురోహితుడు వస్తే కట్టేవారు. ఇద్దరూ ఒకేసారి వచ్చిన రోజున నన్ను గోడవైపు తిప్పి పెట్టారు.

కొన్నేళ్ళకు దొరలు వెళ్ళిపోయారు, జమీందారీలూ పోయాయి. దివాణంలో సామాను చెల్లాచెదరవుతున్న రోజుల్లో జమీందారుగారు, తమ కుటుంబమందరి రూపపటాలు రాసిన యజ్ఞనారాయణ మాస్టారిని పిలిచి ఏం కావాలో తీసుకోమన్నారు. వెండి పళ్ళెం ఉంది, నిలువుటద్దం ఉంది, రోజ్‌వుడ్డు మంచం ఉంది. ఆయన నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డారు. ఈ ఎంపిక గురించి ఆయన భార్య తరవాత చాలాకాలం మాట్లాడింది గాని, ఆ మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

మాస్టారు మద్రాసులో చిత్రకళ చదువుకుని తెనాలిలో డ్రాయింగు స్కూలు పెట్టుకున్న మనిషి. తులశమ్మగారి మేడ మీద వసారా, దాన్ని ఆనుకుని ఒక గది, అంతే స్కూలు. నాతో పాటు దివాణంనుంచి అపోలో తలకాయ ఒకటి వచ్చింది, దాన్ని కిటికీలో పెట్టారు. నన్ను వెలుతురు ఎడమవైపునుంచి పడేట్టు ఒక పీట మీద నిలబెట్టారు. ఇక అక్కణ్ణించి పొద్దున్నా సాయంత్రం నన్ను గీయడమే. ముందునుంచి గీశారు, పక్కనుంచి గీశారు. ఒక పిల్లవాడైతే ఏడాదంతా నా వీపే గీశాడు, సిగ్గట.

శనివారం మధ్యాహ్నం బొమ్మలకు సెలవు. ఆ పూట మాస్టారు కథలు చెప్పేవారు. ఆయన దగ్గర ఐరోపా మహాచిత్రకారుల రంగుపటాలు ఒక కట్ట ఉండేది. ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించి, ఎవరు గీశారో ఒక మాటలో చెప్పి, అందులోని కథను మాత్రం గంటసేపు చెప్పేవారు. బొట్టిచెల్లి గీసిన నా పుట్టుక కథ చెప్పేవారు. సముద్రపు నురుగులోంచి పుట్టి ఆల్చిప్ప మీద నిలబడి ఒడ్డుకు వస్తున్నాను అందులో. మెడ చాలా పొడుగ్గా గీశాడు. నాకు అభ్యంతరం లేదు. బెర్నీనీ చెక్కిన డాఫ్నీ కథ చెప్పేవారు. అపోలో వెంటపడితే పరిగెత్తీ పరిగెత్తీ, అతని చేతికి చిక్కబోతూ చెట్టయిపోయిన పిల్ల. ఆ కథ చెప్పేటప్పుడు కిటికీలో ఉన్న తలకాయను అందరూ కోపంగా చూసేవారు.

తులశమ్మగారు మేడమెట్ల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఇవన్నీ వినేవారు. భర్త బియ్యం మిల్లు నడిపి పోయాక ఇల్లూ వాకిలీ తానే చూసుకుంటున్న మనిషి. వింటున్నానని ఒప్పుకునేవారు కాదు, మెట్ల మీద గాలి బాగుంటుందనేవారు. డాఫ్నీ చెట్టయిన రోజున మాత్రం ముక్కు చీదుకుంటూ పైకి వచ్చేశారు. వాళ్ళ ఇంద్రుడు కూడా మన ఇంద్రుడి లాంటివాడేనా అని అడిగారు. జ్యూస్ దేవుడి నడవడి తలుచుకుని మాస్టారు, ఇంకా కొంచెం ఎక్కువేనండి అన్నారు.

ఆ రోజే నన్ను చూపించి, మరి ఈ పిల్ల ఎవరి భార్య అని అడిగారావిడ. మాస్టారు చాలా తేలిగ్గా, కొలిమి దేవుడి భార్యండి, ఆయన పేరు వల్కన్, దేవతలకు ఆయుధాలూ నగలూ సింహాసనాలూ అన్నీ ఆయనే చేసిపెడతాడు, మన విశ్వకర్మ అనుకోండి అన్నారు. తులశమ్మగారు తృప్తిగా తలూపి దిగిపోయారు. మాస్టారు అక్కడితో ఆపేశారు. అక్కడితో ఆపడం ఆయనకు అలవాటు. తరవాతి కథ ఆడవాళ్ళ ముందు చెప్పడానికి ఆయనకు నోరు రాదు. ఆ కథలో నాకు బాగా పేరొచ్చే పని ఒక్కటీ లేదు. యుద్ధదేవుడు మార్స్‌తో నేను నడిపిన వ్యవహారం అది. నా మొగుడు కనిపెట్టి, కంటికి ఆనని సన్నని లోహపు వల చేసి, మా ఇద్దరినీ అందులో పట్టి, దేవతలందరినీ పిలిచి చూపించాడు. దేవతలు విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఐరోపాలో చాలా మంది చిత్రకారులకు అన్నం పెట్టింది.

ఈ స్కూల్లో ఆడపిల్ల ఒక్కతే. పేరు కాళికాంబ. శిల్పి వీరబ్రహ్మాచారిగారి కూతురు. గుళ్ళకు విగ్రహాలు చేసే విశ్వకర్మ వంశం వాళ్ళది. మిగతావాళ్ళు నన్ను చూసి గీసేవారు. ఆ పిల్ల ముందు నా చుట్టూ తిరిగేది, నా నడుం ఏ వైపు వంగిందో తాను కూడా అలా వంగి చూసుకునేది, అప్పుడు గీసేది. బొమ్మలో నా బరువు తెలిసేది. ఇంట్లో తండ్రి పని చేస్తుండగా దూరంనుంచి చూసి నేర్చుకున్న చూపు అది. దూరంనుంచే, ఎందుకంటే వీరబ్రహ్మాచారిగారి పనిశాలలోకి ఆడవాళ్ళు రాకూడదు. భార్య అన్నం క్యారేజీ తెచ్చినా గడప బయట పెట్టి వెళ్ళవలసిందే. ఉలి ముట్టుకోవడమనే మాటే లేదు. మాస్టారు వెళ్ళి బతిమాలితే, సర్కారు డ్రాయింగు పరీక్ష ఒక్కసారికి రాయనిస్తానన్నారాయన. ప్యాసయితే బాలికల హైస్కూల్లో డ్రాయింగు టీచరు కావచ్చు. తప్పితే పెన్సిలు కూడా పక్కన పెట్టెయ్యాలి. కాళికాంబ సరేనంది. అనక ఏం చేస్తుంది?

పరీక్షలో ముఖ్యమైన బొమ్మ, ప్లాస్టరు విగ్రహాన్ని చూసి గీయడం. అందుకు తగిన విగ్రహం ఉందని చూసే తెనాలిలో మా స్కూలుకు సెంటరు ఇచ్చారు. ఆ విగ్రహం నేనే. గర్వంగా ఉంది గాని, సరిగ్గా పరీక్షకు ముందు వారంలోనే తులశమ్మగారి గేదె పాలివ్వడం మానేసింది. ఆవిడకు మోకాళ్ళ నొప్పి ఎక్కువైంది, వంటింటి కప్పు కారింది. ఎవరో సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన ఇల్లంతా తిరిగి, మేడెక్కి, నన్ను చూసి ఒక్కడుగు వెనక్కి వేశారు.

భిన్నమైన విగ్రహం, అంటే అంగం పోయినది, ఇంట్లో ఉండకూడదు, నీళ్ళలో కలపాలి అన్నారు. ఇది నాకు అప్పటిదాకా తెలియని సంగతి. పారిస్‌లో చేతులు లేవనే నన్ను చూడడానికి జనం బారులు తీరుతారు. తెనాలిలో చేతులు లేవని కాలువలో వేస్తారు. అపోలో తలకాయకు మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. తల ఒక్కటే ఉన్న రాహువు మనకూ ఉన్నాడు గదా అని వదిలేశారు.

తులశమ్మగారు కఠినురాలు కాదు. నన్ను సాగనంపడానికి పసుపు కుంకుమా, రవికెల గుడ్డా తెప్పించారు, మేళం కూడా మాట్లాడారు. కళ్ళు తుడుచుకుంటూనే చెప్పారు. "నాకు మాత్రం ఇష్టమా మాస్టారూ. ఇన్నాళ్ళూ మా ఇంటి పిల్లలాగే ఉంది. కానీ నెత్తిమీద అవిటి దేవతను పెట్టుకుని కింద కాపరం ఎట్టా చేసేది, మీరే చెప్పండి."

మాస్టారు ఇది పూజ చేసే విగ్రహం కాదన్నారు. మరి దేవతని మీరే చెప్పారు గదా అన్నారావిడ. పరీక్ష అయ్యేదాకా ఆగమన్నారు. అప్పటికి తనకు మోకాళ్ళే మిగలవన్నారావిడ. ఇద్దరి మాటలూ వింటూ కాళికాంబ మూల నిలబడి ఉంది. నేను కాలువలో పడితే సెంటరు పోతుంది, సెంటరు పోతే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే ఇంకోసారి లేదు. డ్రాయింగు అట్ట చేత్తో పట్టుకుని తిన్నగా ఇంటికి వెళ్ళి, పనిశాల గడప బయట నిలబడి తండ్రిని పిలిచిందట. ఆమె అన్న మాట తరవాత మాస్టారితో చెప్తుండగా విన్నాను.

"నాన్నా, మేడ మీద ఉన్నావిడ విశ్వకర్మ భార్య. మనింటి మనిషిని తీసుకెళ్ళి కాలవలో వేస్తున్నారు."

అబద్ధం చెప్పలేదు. నిజంలో సగం చెప్పింది. మిగతా సగం ఆమెకు తెలుసు. బొట్టిచెల్లిదే ఇంకో పటంలో నా పక్కన ఆదమరచి నిద్రపోతున్న ఆ మగమనిషి ఎవరని ఒకసారి వదలకుండా అడిగితే మాస్టారు తల వంచుకుని ఆ కథంతా చెప్పవలసి వచ్చింది. ఆ సగం మింగేసి తండ్రిని మేడెక్కించింది. పాపం, ఏం చేస్తుంది, ఇంకో దారి లేదు.

వీరబ్రహ్మాచారిగారు స్కూలు మెట్లెక్కడం అదే మొదలు. తెల్లవాళ్ళ బొమ్మలంటే ఆయనకు చిన్నచూపు. వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు. చేసినవాడు చెయ్యి తిరిగినవాడేనన్నారు. తరవాత నా ముఖం ఎత్తు ఎంతో చూసుకుని, అదే కొలతగా తలనుంచి పాదాల దాకా కొలిచారు. ఎనిమిది ముఖాలకు తేలాను. దేవత అన్నాక తొమ్మిది ఉండాలట. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. రాయి చాలక ఒక ముఖం ఎగ్గొట్టి ఉంటాడు, చేతులైనా నిండు కొలత పెడదాం, మన కోడలికి లోపం జరగకూడదు అన్నారు. తొమ్మిది ముఖాల మనిషికి ఉండవలసిన చేతులు ఎనిమిది ముఖాల మనిషికి పెడితే ఏమవుతుందో ఆయన ఆలోచించలేదు. ఆయన శాస్త్రంలో ఎనిమిది ముఖాల దేవతే లేదు మరి.

ఇనపచువ్వ లోపల పెట్టి, కొబ్బరిపీచు కలిపిన ప్లాస్టరుతో చేతులు చేశారు. ఎడమచెయ్యి కిందికి దించి, నడుం దగ్గర జారిపోతున్న బట్టను పట్టుకున్నట్టు పెట్టారు. ఐరోపా పండితులు ఒక్కరికీ తోచని సంగతి ఆయనకు క్షణంలో తోచింది. బట్ట జారిపోతుంటే ఏ ఆడదైనా చేసే మొదటి పని అదే. ఎన్ని ఏళ్ళనుంచి ఆ బట్ట జారబోతూ ఉందో, నాకు ఎంత ఇబ్బందిగా ఉండేదో ఎవరికి చెప్పుకోను? ఆ చెయ్యి వచ్చాక ప్రాణం లేచొచ్చింది. కుడిచెయ్యి వేళ్ళు పువ్వు పట్టుకున్నట్టు మడిచి, రోజూ తాజా పువ్వు గుచ్చడానికి మధ్యలో సందు వదిలారు. అంతా అయ్యాక చూస్తే ఆజానుబాహువునయ్యాను. ఎడమచెయ్యి బట్టను నడుం దగ్గర కాక మోకాలి పైన పట్టుకుంది. కుడి మోచెయ్యి తుంటి దాకా దిగింది.

మాస్టారు ఆ రోజు భోజనం చెయ్యలేదు. పాశ్చాత్య కళకంతటికీ తలవంపులు తెచ్చానని ఆయన బాధ. మర్నాటికి తనను తానే సముదాయించుకున్నారు. మైకలాంజిలో అంతటివాడు తన డేవిడ్ విగ్రహానికి ఒక చెయ్యి పెద్దది చేశాడు, బొట్టిచెల్లి మెడ సాగదీశాడు, ఆంగ్ర్ అనే ఫ్రెంచాయన ఒకావిడ నడుమును ఏ వైద్యుడూ ఒప్పుకోనంత పొడుగు గీశాడు. వాళ్ళు సాగదీస్తే శైలి అన్నాం, వీరబ్రహ్మాచారిగారు సాగదీస్తే మాత్రం తప్పా అని విద్యార్థులను అడిగారు. వాళ్ళు తలలు వంచుకుని పెన్సిళ్ళు చెక్కుకున్నారు. తులశమ్మగారు మాత్రం పైకి వచ్చి నన్ను చూసి చేతులు జోడించారు. మేళాన్ని వద్దని పంపించేసి, కుడిచేతిలో ముద్దబంతి పువ్వు గుచ్చారు. గేదె కూడా పాలిచ్చిందట. ఆ గొప్ప నేను వేసుకోను, దాణా మార్చారని తెలుసు.

ఇక పరీక్ష. మద్రాసునుంచి దేవసహాయంగారనే ఎగ్జామినరు వచ్చారు. సన్నగా, తెల్లటి బట్టల్లో, అవసరమైతే తప్ప మాట్లాడని మనిషి. గదిలోకి వచ్చి నన్ను చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నేను మారలేదు. మాస్టారు నీళ్ళు నములుతూ మొత్తం కథ చెప్పారు. దేవసహాయంగారు నా చుట్టూ ఒకసారి తిరిగి, వేరే విగ్రహం ఏదైనా ఉందా అని అడిగారు. అపోలో తలకాయ ఉందన్నారు. సరే, ఎదురుగా ఉన్నదే గీయండి అని చెప్పి కుర్చీలో కూర్చున్నారు.

వీరబ్రహ్మాచారిగారు కూడా వచ్చారు. ఆడపిల్ల వెంట పెద్దవాళ్ళు ఉండవచ్చని గుమ్మం పక్కన బల్ల వేశారు. ఆయన వచ్చింది కూతురి కోసమని పైకి చెప్పారు గాని, తన చేతులను మద్రాసు పెద్దమనిషి ఏమంటాడోనని ఉతికిన ఉత్తరీయం వేసుకుని మరీ వచ్చారు.

మగపిల్లలు ఎన్నాళ్ళుగానో గీసి గీసి నన్ను కంఠతా పట్టినవాళ్ళు. తలెత్తి చూడకుండా చేతులు లేని వీనస్‌ను నున్నగా గీసేశారు. కాళికాంబ మాత్రం పెన్సిలు పట్టుకుని కాసేపు కదలకుండా కూర్చుంది. ఆ చేతుల పొడుగు తప్పని ఆమెకు తెలుసు. సరిచేసి గీస్తే ఎదురుగా ఉన్నది గీయనట్టు. ఉన్నట్టు గీస్తే తండ్రి తప్పును తానే కాగితమెక్కించినట్టు. కొంతసేపటికి గీయడం మొదలుపెట్టింది. ఉన్నది ఉన్నట్టే గీసింది. నా మోకాలి పైన నా వేళ్ళు గీసేటప్పుడు పెన్సిలు మీద ఒత్తిడి తగ్గించింది గాని, వేళ్ళ పొడుగు తగ్గించలేదు.

తరవాత నోటి పరీక్ష. ఒక్కొక్కరికీ ఒక పటం చూపించి, ఎవరు గీశారు, కథ ఏమిటి అని అడుగుతారు. దేవసహాయంగారు పటాలు తన వెంట తెచ్చుకున్నారు. కాళికాంబ వంతు రాగానే ఒక పటం తీసి నా పీటకు ఆనించి నిలబెట్టారు. చూడగానే మాస్టారు చటుక్కున గుమ్మం వైపు తిరిగారు. నాకైతే బోలు ఒళ్ళంతా చల్లబడింది.

వెలాస్కెజ్ గీసిన కొలిమి అది. మధ్యలో వల్కన్, నా మొగుడు, పట్టుకారుతో ఎర్రగా కాలిన ఇనుము పట్టుకుని ఉన్నాడు. చుట్టూ పనివాళ్ళు. ఎడమవైపునుంచి తల చుట్టూ వెలుగుతో అపోలో వచ్చి, వేలెత్తి ఏదో చెప్తున్నాడు. వింటున్నవాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. వీరబ్రహ్మాచారిగారు బల్ల మీదనుంచి ముందుకు వంగి చూశారు. కొలిమీ, సుత్తీ, దాగలీ కనిపించగానే ఆయన మొహం విప్పారింది. అచ్చం మన పనే, ఈయనే గదమ్మా మనాయన అన్నారు.

దేవసహాయంగారు చిత్రకారుడి పేరు అడిగారు. కాళికాంబ చెప్పింది. పటంలో ఎవరెవరున్నారో అడిగారు. చెప్పింది. ఆ వచ్చినాయన ఈయనకు ఏ కబురు చెప్తున్నాడు అని అడిగారు.

కాళికాంబ గుమ్మం వైపు చూసింది. తండ్రి నవ్వుమొహంతో, కూతురు ఏం చెప్తుందా అని చూస్తున్నారు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టారు. చెప్తే ఆ తండ్రి ఏం చేస్తారో ఎవరికి తెలుసు. నా చేతులు విరగ్గొట్టి, కూతురి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోవచ్చు. చెప్పకపోతే మార్కులు పోతాయి, తెలియదనుకుంటారు. దేవసహాయంగారు ఇంకోసారి అడగలేదు, పెన్ను మూత తీసి పట్టుకున్నారు. నాకు ఆ క్షణంలో మొదటిసారి సిగ్గేసింది. చిత్రకారులు నన్ను బట్టల్లేకుండా గీసినప్పుడు కూడా వెయ్యని సిగ్గు. ఇన్నేళ్ళలో నాకు చేతులు చేసిపెట్టిన మనిషి ఒక్కడే, ఆయన నన్ను ఇంటి కోడలనుకున్నాడు.

కాళికాంబ చెప్పింది. నీ భార్య నీది కాదు, యుద్ధదేవుడి దగ్గర ఉంది అని చెప్తున్నాడు అంది. ఆ తరవాత ఈ వల్కన్ ఒక వల చేశాడనీ, సాలెగూటి కంటే సన్నగా, కంటికి కనపడకుండా చేసి ఇద్దరినీ పట్టాడనీ, దేవతలు చూసి నవ్వారనీ, అన్నీ చెప్పింది. నా పేరు చెప్పేటప్పుడు నా వైపు చూసింది. దేవసహాయంగారు ఏదో రాసుకుని చాలన్నారు.

వీరబ్రహ్మాచారిగారు లేచారు. మగపిల్లలు దారి ఇచ్చారు. ఆయన నా దగ్గరికి వచ్చారు, ఇక అయిపోయిందనుకున్నాను. కాని ఆయన వంగి నా పీటకు ఆనించి ఉన్న పటం తీసుకుని వెలుతురులో పెట్టి చూశారు. ఎంతసేపు చూశారంటే దేవసహాయంగారు పెన్నుకు మళ్ళీ మూత పెట్టేశారు.

"చూశావా, ఆ కబురు విని కూడా పట్టుకారు వదల్లేదు," అన్నారు చివరికి. ఆ మాటలో మెచ్చుకోలు ఉంది. తరవాత పటంలో ఒక్కొక్క మనిషినీ వేలితో చూపించుకుంటూ వెళ్ళారు. "ఇంతమంది మగాళ్ళున్నారు కొలిమిలో. ఆవిడ ఏది?"

"ఆవిడ ఇంట్లో ఉంటుంది నాన్నా."

"ఎప్పుడూ లోపలికి రానివ్వలేదా?"

"రానిచ్చినట్టు ఎక్కడా లేదు నాన్నా."

ఆయన పటం మీదనుంచి కళ్ళు తీయలేదు. "అంత సన్నని వల చేశాడు. ఎవరికి చూపించుకోవాలి మరి, దేవతలను పిలుచుకున్నాడు. నవ్వి పోయారు." పటం జాగ్రత్తగా దేవసహాయంగారి చేతికిచ్చి, దండం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. నా మీద చెయ్యి కూడా వెయ్యలేదు. కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ వారమంతా కాళికాంబ స్కూలుకు రాలేదు. మాస్టారు గదిలో పచార్లు చేశారు. నన్ను చూసినప్పుడల్లా, నోరు మూసుకుని ఉంటే పోయేది గదా అని తననే తిట్టుకున్నారు. తులశమ్మగారు పువ్వు మార్చడానికి వచ్చి కథ మొత్తం విన్నారు. విని, చంద్రుడి వెంట వెళ్ళిన తారను మనం ఏమన్నా చేశామా, ఇప్పటికీ ఆకాశంలోనే ఉంది అని చెప్పి, ఎప్పటిలాగే బంతిపువ్వు గుచ్చి వెళ్ళారు. ఆవిడ మీద నాకు గౌరవం అప్పుడే పెరిగింది.

వారం తిరిగాక మాస్టారు ఉండబట్టలేక వీరబ్రహ్మాచారిగారి ఇంటికి వెళ్ళారు. వెళ్ళినాయన ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక వసారాలో కూర్చుని మంచినీళ్ళు తాగి, నాకే చెప్తున్నట్టు చెప్పారు. ఆచారిగారు గుడికి అమ్మవారిని చేస్తున్నారట. ఒళ్ళంతా అయిపోయి కళ్ళు మిగిలాయట. కళ్ళు తెరవడం చివరి పని, అది ఎప్పుడూ ఆయన ఒక్కరే చేసేవారు. మాస్టారు గడప బయట నిలబడి లోపలికి చూస్తే, అమ్మవారి ముందు కాళికాంబ కూర్చుని ఉందట. ఆమె చేతిలో ఉలి ఉంది. కాళికాంబ తల్లి పక్కనే దీపం పట్టుకుని ఉంది. ఆచారిగారు వెనక నిలబడి, తొందరపడకమ్మా, తొందరపడకు అంటున్నారట. మాస్టారు చెప్పడం ఆపి కండువాతో మొహం తుడుచుకున్నారు.

పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున మాస్టారు కబురు పంపితే కాళికాంబ పరుగున వచ్చింది. మోచేతుల దాకా రాతిపొడి, జుట్టులో రాతిపొడి. మాస్టారు ప్యాసయ్యావని చెప్పి, దేవసహాయంగారు కింద రాసిన మాట చదివి వినిపించారు. చేతులు పొడుగు, అయినా అక్కడ ఉన్నవి అవే, అని రాశారట. కాళికాంబ నవ్వింది. కాళ్ళకు దండం పెట్టింది. మాస్టారు హైస్కూలు ఉద్యోగం సంగతి ఎత్తబోతే, రేపు వచ్చి మాట్లాడతాను మాస్టారూ, నాన్న ఉలి పదును పెట్టి నాకోసం కూచున్నాడు అంది. గిర్రున తిరిగి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. దేవతనై ఉండి ఇలా చెప్పుకోకూడదు గాని, నాకు చాలా సంతోషమేసింది.